పత్తి పెట్టిన చెవులకు పాఠం

ఒక బాలింతకు సెకండ్ పీయూసీ పాఠాలన్నీ నా నోటితో చెప్పి పరీక్షకు పంపించాను. ఎనిమిది గడపల వఠారానికి కుటుంబ నియంత్రణ నేర్పించాను. ఈ రెండు మాటలూ ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళి పందిళ్ళలో, క్షవరం కుర్చీలో, రైల్లో పక్క సీటువాళ్ళకు చెబుతూ వస్తున్నాను. వినేవాళ్ళు నోరు తెరుస్తారు. ఒకసారి రైల్లో ఒక పెద్దమనిషి లేచి నిలబడి మరీ నాకు చేయి కలిపాడు.

ఆయన దిగే స్టేషన్ వచ్చింది. అందుకే లేచాడు.

నోటితో చెప్పింది అయితే ఎంత పెంచినా పట్టుకునేవాళ్ళు లేరు. ఇది కాగితం మీద పెడుతున్నాను, మా అమ్మాయి చదువుతుంది. కాబట్టి పెంచకుండా ఉండలేను గానీ, పెంచిన చోటల్లా మళ్ళీ నేనే దించుతాను.

నేను బెంగళూరు చిక్కపేటలో ఒక పట్టుచీరల దుకాణంలో మేనేజరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. గుమాస్తాగా అని చదువుకోండి. పరుపు మీద నిలబడి చీర విప్పి భుజం మీద వేసుకుని అద్దంలో చూపించడం, మెట్ల దగ్గర నిలబడి వీధిలో పోయేవాళ్ళను పిలవడం నా పని. రెండోదానికే నన్ను పెట్టుకున్నారు. బండ్ల మోత, హమాలీల కేకలు, ఎదుటి దుకాణం రేడియో, అన్నీ దాటి నా గొంతు వీధి చివరి మలుపు దాకా పోయేది. ఈ గొంతు సంగతి గుర్తుంచుకోండి. ఈ కథలో నాకు నిజంగా ఉన్నది అదొక్కటే.

మా తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్ళం. చిక్కపేట వెనక సందులో ఒకే వాకిలి చుట్టూ ఎనిమిది ఇళ్ళు, అందరికీ కలిపి ఒక కొళాయి. దాన్ని అక్కడ వఠారం అంటారు. అందులో ఒక ఇంట్లో మా అమ్మ, నా భార్య, ఒక్కగానొక్క కూతురు, నేను.

తొంభైల చివర్లో అమ్మాయి ఫస్ట్ పీయూసీ పాసయింది, ఆంధ్రలో ఇంటర్ మొదటి సంవత్సరం అంటారే, అది. సెకండ్ పీయూసీ సగంలో ఉండగా సంబంధం వచ్చింది. రెండు వీధుల అవతల ఇనుప సామాన్ల కొట్లో పనిచేసే కుర్రవాడు. నెమ్మదస్తుడు, నోట్లో మాట ఉండదు. అమ్మాయికి పదిహేడు. పద్దెనిమిది నిండాలని నాకు తెలియక కాదు. శుభలేఖ మీద వయసు వేయరు గదా అన్న ధైర్యం. చదువు పెళ్ళయ్యాక కూడా సాగుతుందని వాళ్ళు అన్నారు. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నట్టు నటించాను.

అమ్మాయి ఒక్క మాటే అడిగింది. "నాయనా, ఒక్క సంవత్సరం ఆగరాదా?"

"ఆగితే ఇట్లాంటి సంబంధం మళ్ళా వస్తాదామ్మా?" అన్నాను.

రైల్లో చెప్పే కథలో ఈ రెండు వాక్యాలూ ఉండవు. అక్కడ నేను మొదటి నుంచీ ఆడపిల్లల చదువు కోసం పోరాడిన మనిషిని.

అత్తగారింటి నుంచి నాలుగు నెలలు కాలేజీకి పోయింది. తరవాత వాంతులు. తరవాత హాజరు చాలలేదన్నారు. పురిటికి మా ఇంటికి వచ్చింది. పద్దెనిమిది నిండిన కొద్ది రోజులకు, కార్తీక మాసంలో, ఆడపిల్లను కన్నది. కని పదకొండో రోజున నామకరణం భోజనాలు కాగానే నన్ను లోపలికి పిలిచి దిండు కింద నుంచి ఒక రసీదు తీసి చూపించింది. ప్రైవేటుగా పరీక్ష కట్టింది. ఫారం తెచ్చి నింపింది మా అల్లుడు. ఆ నోరులేని కుర్రవాడు!

ఉగాది దాటిన వారానికి పరీక్షలు.

అయితే మధ్యలో మా అమ్మ ఉంది.

మా అమ్మకు బాలింత అంటే పచ్చి కుండ. తలకు చెవుల మీదుగా గుడ్డ కట్టాలి. చెవుల్లో పత్తి పెట్టాలి. పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ. తినేది మిరియాల చారు, వెల్లుల్లి కారం. చల్లనీళ్ళు ముట్టకూడదు, కిటికీ తీయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఐదు నెలలూ అక్షరం చూడకూడదు.

"పచ్చి ఒళ్ళు. ఇప్పుడు పుస్తకం చూస్తే నలభై ఏండ్లకే గుడ్డిదయితాది. మా చిన్నత్త బాణంతిగా ఉండి జాబు చదివింది. ఏమాయె? కన్ను పాయె."

"ఎన్నేండ్లకు పోయిందవ్వా?" అని అమ్మాయి అడిగింది.

"డెబ్బై ఐదుకు. ఎన్నేండ్లకైతే ఏమి, పాయెనా లేదా?"

పుస్తకాలన్నీ తీసి రాగుల మూట వెనక పెట్టి ఆ మూట మీద కూర్చుంది. మా అమ్మ కూర్చుంటే లేపేవాళ్ళు మా వంశంలో ఎవరూ పుట్టలేదు.

అప్పుడు నేను బాగా ఆలోచించి ఒక ఉపాయం చెప్పాను. "అమ్మా, చూడకూడదు సరే. వినకూడదని యాడన్నా ఉండాదా?"

ఆ ఉపాయం నా భార్యది. నన్ను వంటింట్లోకి లాగి, ఈ మాట నువ్వు చెప్పు, నేను చెప్తే ఆమె ఒప్పేదిల్యా, అన్నది. మా అమ్మ చాలాసేపు ఆలోచించింది. తన చిన్నత్తలు, పెద్దత్తల జాబితా అంతా వెతికింది. విని చెవిటిదైన బాలింత ఒక్కతీ దొరకలేదు. మూట మీద నుంచి లేచింది.

మర్నాడు పొద్దున ఆరింటికి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చరిత్ర పుస్తకం తెరిచి మంచం పక్కన కూర్చున్నాను. ఒక పేజీ అయ్యాక అమ్మాయి వైపు చూశాను.

"ఏమీ వినపడల్యా నాయనా," అంది.

"పత్తి తీయమ్మా."

"తీస్తే గాలి దూరుతాది!" మా అమ్మ వంటింట్లో నుంచి.

గొంతు కొంచెం పెంచాను. గుడ్డ, పత్తి దాటలేదు. ఇంకొంచెం పెంచాను. చివరికి చిక్కపేట మెట్ల మీది గొంతు తీశాను. అమ్మాయి తల ఊపింది. అమ్మాయితో పాటు మూడో ఇంట్లో నిద్రపోతున్న దర్జీ లేచి కూర్చున్నాడు.

"ఏమప్పా, ఎవరన్నా పోయిరా?" అని పరుగెత్తుకొచ్చాడు.

"ల్యా. మొగలాయిలు వచ్చిరి," అన్నాను.

మొదటి వారం అందరూ తిట్టారు. రెండో వారం కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు నీళ్ళు నిండినా కదలడం మానేశారు. మూడో వారం దర్జీ సాయంత్రం నన్ను దారిలో ఆపి, "పొద్దున యుద్ధం సగంలో విడిచి పనికి పోతివి. ఎవరు గెలిచిరి?" అని నిలదీశాడు. నాకు తెలియదు. రేపు విను అన్నాను.

నాకు నిజంగానే తెలియదు. పుస్తకాలు కన్నడంలో. కన్నడం నాకు రాక కాదు, రోజంతా దుకాణంలో ఆ మాటలతోనే చీరలు అమ్మేవాణ్ణి. కానీ పుస్తకంలో కన్నడం వేరు. నలుగురైదుగురు చేతులు పట్టుకుని నడిచినట్టుండే పొడుగాటి మాటలు. హమాలీ లారీ మీద నుంచి మూట దింపినట్టు చదివేవాణ్ణి. మూటలో ఏముందో చూడటం హమాలీ పని కాదు.

మా వఠారంలో నాలుగో ఇంట్లో ఒక నర్సమ్మ ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం. కార్పొరేషన్ ప్రసూతి ఆసుపత్రిలో పని. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి, మిగతా రోజులు తెల్లచీర కట్టుకుని డ్యూటీకి. ఎప్పుడు ఎక్కడికి పోతుందో చేతిలో పుస్తకాన్ని బట్టి తెలుసుకోవాలి. పసిదాన్ని చూడటానికి రోజూ వచ్చేది.

ఒక రోజు మా అమ్మతోనే పెట్టుకుంది. "అమ్మాయికి పద్దెనిమిదేనండీ అవ్వగారూ. ఒళ్ళు ఇంకా గట్టిపడలేదు. ఇంకోటి వెంటనే వస్తే తట్టుకోలేదు. కనీసం మూడేళ్ళు ఎడం ఉండాలండీ."

"పాలిచ్చేదానికి ఏమీ కాదు లే. పాలున్నంత వరకు దేవుడే ఆపుతాడు."

"మీకు ఎంతమందండీ?"

"తొమ్మిదిమంది."

"అందరికీ పాలిచ్చారా?"

"ఇయ్యకుండా? ఒక్కొక్కరికి రెండేండ్లు ఇచ్చినా!"

"మరి దేవుడు ఎప్పుడు ఆపాడండీ?"

మా అమ్మ "చారు పొంగుతా ఉండాది," అని లేచి పోయింది. పొయ్యి మీద చారు లేదు.

పుష్యమాసంలో వియ్యపురాలు వచ్చింది. మంచి మనిషే, కానీ గుమ్మంలో అడుగు పెట్టకముందే మాట లోపలికి వచ్చేస్తుంది.

"అన్నా, మూడో నెల్లో కోడల్ని తోలియ్యండి. ఐదో నెల దాకా ఆగేకి అయ్యేదిల్యా. నా మోకాళ్ళు పోయినాయి, ఇంట్లో ఎనిమిదిమందికి వండల్ల. మళ్ళీ కార్తీకానికి మనవడు రావల్ల."

రైలు కథలో ఇక్కడ నేను లేచి నిలబడతాను. "నా కూతురు పరీక్ష రాసినాకనే మీ గడప తొక్కుతుంది!" అని గర్జిస్తాను. వియ్యపురాలు గజగజ వణుకుతుంది.

అసలు జరిగింది ఇది. "అట్లే కానీ చెల్లెమ్మా," అన్నాను. ఇంకో వక్కపలుకు కూడా ఇచ్చాను.

ఆమె పోయాక లోపలికి వెళ్ళాను. అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎంత పత్తి పెట్టినా కొన్ని మాటలు వినబడతాయి.

"నాయనా, మూడో నెల్లో పోతే పరీక్ష ల్యా. ఆ ఇంట్లో పుస్తకం తెరిచేకి అయ్యేదిల్యా. మళ్ళా ఒకటి కడుపులో పడిందంటే, ఈ జన్మకు నేను పీయూసీ ఫెయిలే." గోడతోనే అంది. "ఆ పొద్దు ఒక్క సంవత్సరం అడిగినా. ఈ పొద్దు రెండు నెలలు అడుగుతా ఉండా."

నేను సంతలో ఎంత గట్టిగా అరవగలనో, ఇంట్లో అంత మెల్లగా బయటికి నడిచిపోగలను. అదే చేశాను.

అయినా ఏదో ఒకటి చేయాలి గదా అని అల్లుణ్ణి కాఫీకి పిలిచాను. మామ అల్లుడితో ఈ విషయం ఎలా మాట్లాడాలి? నాకు తెలిసిన దారిలోనే వెళ్ళాను. పట్టుచీర మీద పట్టుచీర నేరుగా పెట్టకూడదు బాబూ, మధ్యలో కాగితమో గుడ్డో ఉండాల, లేకుంటే రెండూ చెడతాయి, తొందరపడి పేర్చకూడదు, అని అరగంట చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. కాఫీ తాగాడు. మర్నాడు వాళ్ళ అమ్మ పెళ్ళిచీర తెచ్చి, "మామా, దీనికి కూడా కాగితం పెట్టియ్యండి," అన్నాడు.

ఇప్పుడు అసలు ఘనకార్యం.

నర్సమ్మ ఆసుపత్రి నుంచి ఒక చిన్న పుస్తకం తెచ్చింది. సర్కారువాళ్ళు అచ్చువేసింది. ఎడం ఎందుకు, ఎలా, అన్నీ అందులో ఉన్నాయి. మా అమ్మ కంటపడకుండా నా భార్య దాన్ని అమ్మాయి ఎకనామిక్స్ పుస్తకంలో దాచింది. మా అమ్మకు పరిచయం లేని చోటు ఇంట్లో అదొక్కటే. తలగుడ్డ విప్పాక, కళ్ళు తెరుచుకునే రోజున అమ్మాయి చూసుకుంటుందని. నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఏదన్నా చెబితే చిక్కపేట మెట్ల మీద చెప్పినట్టేనని వాళ్ళ అభిప్రాయం.

ఆదివారం పొద్దున. వఠారమంతా ఇంట్లోనే ఉంది. వియ్యపురాలు కొడుకును వెంటబెట్టుకుని, కోడల్ని తీసుకుపోయే రోజు ఖాయం చేయడానికి వచ్చింది. పాఠం అయ్యేదాకా కూర్చోండి అని నా భార్య వాకిట్లో చాప వేసింది. నేను పంచవర్ష ప్రణాళికల పాఠం మొదలుపెట్టాను. వియ్యపురాలు ఉంది కదా అని మామూలు కంటే ఒక మెట్టు పైనే ఎత్తుకున్నాను. వ్యవసాయం, పరిశ్రమలు, ఉక్కు, కరెంటు, ఒక్కొక్క మూటా దించుకుంటూ పోతున్నాను. పేజీ తిప్పాను.

మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్య కనీసం మూడేళ్ళ వ్యవధి ఉండాలని వీధి చివరిదాకా వినిపించేట్టు ప్రకటించాను.

నాకు ఏ తేడా తెలియలేదు. అదే సర్కారు కన్నడం, అవే పొడుగు మాటలు. పద్దెనిమిదేళ్ళ తల్లి శరీరం, రక్తహీనత, పాలిచ్చే తల్లులు వాడదగినవి, వాడకూడనివి, పురుషుల బాధ్యత. ఉక్కు కర్మాగారాన్ని చదివిన జోరుతోనే చదివాను. పురుషుల బాధ్యత దగ్గర ఎందుకో వాకిట్లో కొళాయి ఆగినట్టు అనిపించింది. దర్జీ మిషన్ ఆగింది. ఎవరిదో చేతిలో చెంబు కింద పడి దొర్లుకుంటూ పోయింది.

పుస్తకంలోకి మొదటిసారి చూశాను. ఒక మొగుడు, ఒక పెళ్ళాం, ఇద్దరు పిల్లలు నవ్వుతున్న బొమ్మ. ఎకనామిక్స్ పుస్తకంలో అప్పటిదాకా ఎవరూ నవ్వలేదు.

నా గొంతు ఆగిపోయింది. అల్లుడు వాకిట్లో తన చెప్పుల్ని కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఆపొద్దు నాయనా, చదువు," అంది అమ్మాయి. కళ్ళు మూసుకునే ఉంది. కానీ పెదవి చివర ఏదో కదులుతోంది.

మా అమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. ఆమెకు కన్నడం పచారీ కొట్టు వరకే. "యాల ఆపితివి? ఇది పరీక్షకు వస్తాదా?"

"వస్తాది అవ్వా. పది మార్కులకు."

"పది మార్కులకా! మరి నోరు మూసుకుని కూర్చున్నావేం రా? చదువు! గట్టిగా చదువు, దానికి పత్తి ఉండాది!"

కన్నతల్లి ఆజ్ఞ. పురుషుల బాధ్యత నుంచి మళ్ళీ మొదలుపెట్టి, చివర అచ్చయిన ఆసుపత్రి పనివేళల దాకా, ఒక్క అక్షరం వదలకుండా, మెట్ల మీది గొంతుతో చదివాను. ఇదంతా వియ్యపురాలి చెవిన పడాలని నేనే ఆ ముహూర్తం చూసి పెట్టుకున్నానని రైల్లో చెబుతాను. ముందే తెలిసి ఉంటే, ఆదివారమని కూడా చూడకుండా మూసిన దుకాణం మెట్ల మీద పోయి కూర్చునేవాణ్ణి.

పుస్తకం మూశాను. వియ్యపురాలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి గుమ్మంలోకి వచ్చింది. అయిపోయింది, ఈ రోజే పిల్లను లాక్కుపోతుంది అనుకున్నాను.

"అన్నా. ఆ నడిమి మాట ఇంగోతూరి చదువు."

"ఏ మాట చెల్లెమ్మా?"

"ఆ ఎడం మాట. ఎన్నేండ్లంటివి?"

"మూడు," అన్నాను. జీవితంలో అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె వేళ్ళు మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది. "నాకు ఆరుగురన్నా. ఎనిమిదేండ్లలో. ఇద్దరు నిలవల్యా. నా మోకాళ్ళు వయసుకు పోయినాయని డాక్టరు అంటాడు. వయసుకు కాదు." కొడుకు వైపు చూసింది. వాడు ఇంకా చెప్పుల్లోనే ఉన్నాడు. "ఏరా, నీకు వినపడెనా?"

"రెండు వీధులకూ వినపడిందమ్మా," అన్నాడు మా అల్లుడు. ఆ కుర్రవాడి నోట ఒక వాక్యం మొత్తం వినడం నాకు అదే మొదలు. ఇంకొకటి కూడా అన్నాడు. "దాన్ని పరీక్ష రాయనీ."

వియ్యపురాలు నా వైపు తిరిగింది. "సరే. ఐదో నెల్లోనే తోలు. పరీక్ష అయిన మరుసటి దినం బండి తెస్తా, ఒక్క పూట కూడా ఎక్కువ ఆగేదిల్యా. ఆ పొద్దు దాకా నువ్వు కొంచెం మెల్లగా అరువప్పా. మానం పోతాది."

ఆ వారంలో నర్సమ్మ గడప దగ్గర మా వఠారం ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఏదో ఉప్పు, కరివేపాకు అడగడానికి వెళ్ళారు. ఉప్పుకు అంతసేపు పట్టదు. దర్జీ భార్య దర్జీని కూడా వెంటబెట్టుకుపోయింది. నర్సమ్మ నా దగ్గరికి వచ్చి, "బాబాయిగారూ, మేము ఆరేళ్ళుగా గడప గడపకూ తిరిగి చెబుతున్నామండీ. మీరు ఒక్క పొద్దున చెప్పేశారు," అంది. ఆ మెచ్చుకోలును ఈ రోజుకూ తిరిగి ఇచ్చేయలేదు.

పసిదానికి టీకా వేయించే రోజున అమ్మాయిని ఆసుపత్రికి నేనే దగ్గరుండి తీసుకుపోయి, ఎడం సంగతి కూడా చూసుకొచ్చానని చెబుతాను. నేను బయట బల్ల మీద పసిదాన్ని పట్టుకుని కూర్చున్నాను. అది నా కొత్త పంచె తడిపింది. లోపల అంత ఆలస్యం ఎందుకవుతోందో నాకు తెలియదు. నర్సమ్మ అన్నీ విడమరిచి చెప్పిందనీ, అమ్మాయి తనకు ఏది కావాలో తనే తేల్చుకుందనీ, అంతసేపూ పక్కన చేయి పట్టుకుని కూర్చున్నది వియ్యపురాలనీ నాకు ఏడాది తరవాత తెలిసింది.

పరీక్షలు వచ్చాయి. రోజూ కాలేజీ గేటు ఎదురుగా పసిదాన్ని ఎత్తుకుని నేను, పాలసీసా పట్టుకుని నా భార్య నిలబడ్డాం. చరిత్ర బాగా రాసింది. కన్నడం బాగా రాసింది. ఎకనామిక్స్ రోజున ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"నాయనా, బ్యాంకుల పాఠం నువ్వు చదివితివా?"

"చదివినా," అన్నాను.

ఫలితాల రోజు నేను లిస్టు చూడకముందే దుకాణంలో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. యజమానికి రెండు ముక్కలు. తరవాత తీరిగ్గా కాలేజీకి పోయి బోర్డు చూశాను. అన్నిటిలో పాసయింది, ఎకనామిక్స్‌లో పోయింది. నేను ఎక్కువగా చదివిన సబ్జెక్టే అది.

నన్ను ఎవరూ గుచ్చి అడగలేదు. నా అంతట నేనే అమ్మాయి అత్తగారింటికి పోయి చెప్పాను. బ్యాంకుల పాఠం చాలా పొడుగు. అది వచ్చిన వారం పెళ్ళిళ్ళ కాలం, దుకాణం పెందలాడే తీసేవాళ్ళు. గొంతు ఎండిపోయింది. నాలుగాకులు ఒక్కసారే తిప్పేశాను. మర్నాడు ఇంకో నాలుగు. కళ్ళు మూసుకున్న పిల్లకు ఏం తెలుస్తుంది అనుకున్నాను.

"తెలుసు నాయనా," అంది. పుస్తకం తెచ్చి చూపించింది. కొత్త పుస్తకం. ఆ ఎనిమిది ఆకులూ అచ్చాఫీసులో కోసినప్పుడు ఎలా అంటుకుని ఉన్నాయో అలాగే ఉన్నాయి. వేలితో ఒక్కొక్కటీ విడదీసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"పెండ్లి తొందర నాది. పేజీల తొందర నాది. రెండు మాట్లు నిన్ను నేనే ఫెయిల్ చేసినానమ్మా," అన్నాను. ఈ వాక్యాన్ని పెంచలేదు, దించలేదు.

ఆమె పసిదాన్ని నా ఒళ్ళో పెట్టింది. "సప్లిమెంటరీ ఉండాది లే నాయనా. ఇప్పుడు నాకు టైం ఉండాది గదా."

అదే మాట. టైం ఉంది. వియ్యపురాలి మొదటి లెక్క ప్రకారం అయితే ఆ సప్లిమెంటరీ నాటికి ఆమె మళ్ళీ నెలలు నిండుతూ, మంచం పట్టి ఉండాలి. అలా కాక, తలకు గుడ్డ లేకుండా, చెవుల్లో పత్తి లేకుండా, తన కళ్ళతో తను చదువుకుంది. పసిదాని ఉయ్యాలను వియ్యపురాలు తన మంచం పక్కకు మార్పించుకుంది. పరీక్ష దాకా పొయ్యి దగ్గరికి వస్తే కాళ్ళు విరగ్గొడతానని కోడలికి చెప్పింది. నేను పాపభయంతో పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, బ్యాంకుల పాఠం చదువుతానని వాళ్ళింటికి పోయాను. గుమ్మంలోనే ఆపేసింది.

"వద్దన్నా. మొన్న నువ్వు చదివిస్తే ఏమాయెనో చూస్తిమి గదా. కాఫీ తాగి పో."

పాసయింది. ఈసారి లిస్టు రెండు సార్లు చూసి, దర్జీని కూడా తీసుకెళ్ళి చూపించి, అప్పుడు మైసూర్‌పాక్ కొన్నాను. తరవాత టీచర్ ట్రైనింగ్. తరవాత మాగడి రోడ్డు వైపు ఒక చిన్న బడిలో నాలుగో తరగతి టీచరు. రెండో బిడ్డ వచ్చినప్పుడు మొదటిదానికి ఆరో ఏడు నడుస్తోంది. అది కూడా ఆడపిల్లే. వియ్యపురాలు చూసి, "ఇదీ మా కోడలి రంగే," అని ముద్దు పెట్టుకుంది, మనవడి మాట ఎత్తలేదు.

ఆ పురుడు కూడా మా ఇంట్లోనే. మా అమ్మకు అప్పటికి ఎనభై దాటాయి, రూల్సు ఒక్కటీ దాటలేదు. గుడ్డ, పత్తి, సాంబ్రాణి, అక్షరం చూడకూడదు. బడివాళ్ళు పరీక్ష పేపర్లు ఇంటికి పంపారు, దిద్దడానికి. కట్ట పట్టుకుని అమ్మాయి నా వైపు చూసింది.

"నాయనా, చదువుతావా? ఆకులు తిప్పకుండా?"

పొద్దున ఆరింటికి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మంచం పక్కన కూర్చున్నాను. గొంతు మునుపటిది కాదు, అయినా పత్తి దాటింది. ఒక్కొక్క పిల్ల రాసిన జవాబు చదివితే ఆమె కళ్ళు మూసుకుని మార్కు చెప్పేది, నేను వేసేవాణ్ణి. మొక్కకు నీరు ఎందుకు కావాలి అన్నది ప్రశ్న. ఒక పిల్ల రాసింది చూశాను. జాలేసింది. గొంతు సవరించుకుని, వేళ్ళు, కాండం, ఆకులు, సూర్యకాంతి, అన్నీ కలిపి ఐదు వాక్యాలు చదివాను.

అమ్మాయి ఒక కన్ను తెరిచింది.

"నాయనా. ఆ పాప అంత రాసిందా?"

వాకిట్లో కొళాయి ఆగింది. దర్జీ మిషన్ ఆగింది.

"ల్యామ్మా," అన్నాను. "మొక్కకు దాహం అయితాది. అంతే రాసింది."

"అట్లయితే రెండు మార్కులు వేయి," అంది. కన్ను మూసుకుంది. "ఇంగోటి చదువు."